కొండ మీది డబ్బాకు పురుగు పట్టలేదు

పోయిన వారం మనం కెజియాను మదనపల్లె బస్టాండులో వదిలిపెట్టి వచ్చాం. ఒడిలో ఐసు డబ్బా, భుజాన సంచీ, పక్కన ఖాళీ సీటు. ఆ సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. డబ్బాలో మేక కార్జం ఉందని, అది నాలుగు రోజుల నాటిదని ఆ రూటు కండక్టర్లందరికీ తెలుసు.

ఇప్పుడే ఈ కథలోకి అడుగుపెట్టిన వాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. కెజియా జువాలజీలో పరిశోధన చేస్తోంది. ఆమె పరిశోధన ఈగల మీద. మన వంటింట్లో చక్కెర మీద వాలే ఈగ కాదు. పచ్చగానో నీలంగానో మెరుస్తూ, చచ్చిన ప్రాణి ఎక్కడున్నా అందరికంటే ముందు వాసన పట్టి వచ్చి గుడ్లు పెట్టే ఈగ. ఆ గుడ్లు పురుగులై ఎంత పెరిగాయో చూస్తే, ప్రాణం పోయి ఎన్ని రోజులైందో చెప్పొచ్చు. అయితే వేడి చోట పెరిగినంత తొందరగా ఆ పురుగు చలి చోట పెరగదు. అందుకే కుప్పంలో, పుంగనూరులో, హార్సిలీ కొండ మీద డబ్బాలు పెట్టి, ఎంత ఎత్తులో ఏ ఈగ వస్తుందో, దాని పురుగు ఎన్ని రోజులకు ఎంతవుతుందో ఏడాదిగా రాసుకుంటోంది. ఇంట్లో ఫ్రిజ్ కోసం వాళ్లమ్మ మార్తమ్మతో రోజూ యుద్ధమే. ఆదివారం చర్చిలో ఎవరైనా "పాప ఏం చదువుతాండాది?" అని అడిగితే మార్తమ్మ "సైన్సు" అని ఊరుకుంటుంది.

ఇక దేవేంద్ర సంగతి. అతను కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీ కార్మికుడు. సొంతూరు కొండ మీదే. రెండు నెలల కిందట ఒక గురువారం అతని చిన్నాయన కదిరప్ప తేనెపట్టు కోసమని ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాలేదు. దేవేంద్రకు శనివారం రాత్రి సెలవు దొరికింది. ఆదివారమంతా కొండ మీద తిరిగి వెతికాడు. చేతిలో కొడవలితో ఒంటరిగా దిగి వస్తుంటే నలుగురూ చూశారు. బుధవారం మేకలు కాసేవాళ్లకు పెద్దగుండు అనే బండరాయి కింద కదిరప్ప శవం కనబడింది. తల వెనక దెబ్బ. పురుగులు చిన్నవిగా ఉన్నాయి కాబట్టి చావు ఆదివారం జరిగిందని డాక్టరు రాశాడు. చిన్నాయనకూ దేవేంద్రకూ బోరు నీళ్ల దగ్గర తగాదా ఉందని ఊరు చెప్పింది. అంతే, పోలీసులకు ఇంకేం కావాలి!

గురువారమే చనిపోయాడంటే దేవేంద్ర నిర్దోషి. గురువారం నుంచి శనివారం సాయంత్రం దాకా అతను కుప్పం ఫ్యాక్టరీలో ఉన్నాడని వేలిముద్రల మిషనే చెబుతుంది. కొండ చలికి పురుగు నెమ్మదిగా పెరిగి ఉంటుందని, తన లెక్కతో అది తేలిపోతుందని కెజియా అతని భార్య రూపకు మాటిచ్చింది. తీరా లెక్క కడితే చలి వల్ల కలిసొచ్చింది ఒక్క రోజే. ఒక్క రోజు వెనక్కి జరిపినా శనివారం రాత్రే తేలుతోంది. సోమవారం బెయిలు వాదన. ఆశంతా కొండ మీద పెట్టిన ఆఖరి డబ్బా మీదే ఉంది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి కెజియా ఆటో దిగి పాపమ్మ ఇంటి కంచె తలుపు తీసింది.

పాపమ్మ యాభై దాటిన మనిషి. ఒకప్పుడు కూలికి పోయేది. ఇప్పుడు కొడుకు జయచంద్ర అడవి శాఖలో వాచరు కావడంతో ఇంటికి నెలజీతం వస్తోంది. అయినా రెండు ఆవులను వదల్లేదు, నోటిని అసలే వదల్లేదు. ఈగల డబ్బాను తన పశువుల కొట్టం పక్కన పెట్టుకోనిచ్చింది కూడా ఆమే. "ఈగల మేడమ్మ" అని కెజియాకు ఊళ్లో పేరు పెట్టింది కూడా ఆమే.

"రామ్మా, కాపీ తాగు ముందు," అంది పాపమ్మ.

"తర్వాత తాగుతానక్కా. డబ్బా చూడాల."

వల తీసి చూసింది కెజియా. ఈపాటికి కార్జం నిండా తెల్లటి పురుగులు కదులుతూ ఉండాలి. నాలుగో రోజు వాటి పొడవు కొలిచి రాసుకోవాలి. ఒక్కటి కూడా లేదు. చెంచాతో మాంసం పక్కకు జరిపింది. అంచున నాలుగైదు పురుగులు సన్నగా, నల్లబడి, చచ్చి పడి ఉన్నాయి. మాంసం అడుగున పచ్చటి ఆకు మెత్తగా నూరి పరిచి ఉంది. పైన కూడా రెండు ఆకులు కప్పి ఉన్నాయి.

కెజియాకు ఒళ్లు మండిపోయింది. నిజంగానే ఏడుపు వచ్చినంత కోపం వచ్చింది.

"ఏమక్కా ఇది? ఎవురు పెట్టినారు ఈ ఆకు?"

"నేనే. ఎవురు పెడతారు మల్ల?"

"యాల పెట్టినావు?"

"యాల అంటే? కంపు కొడతాంటే! ఆడ నా కర్రావుకు గిట్ట దగ్గర పుండయ్యుండాది. నీ ఈగలు ఈడ తిని, పొయ్యి దాని మీద వాలితే? సీతాఫలం ఆకు ఏస్తే పురుగు సస్తాది, కంపు తగ్గుతాది. మా అమ్మ కాలం నుంచి ఇదే మందు. గొడ్ల డాక్టరు కూడా వద్దనలేదు."

"పురుగు సావకూడదక్కా! పురుగు పెరగాలనే గదా నేను ఏడాదిగా ఈ కొండెక్కి దిగతాండాను! నీకు నెలనెలా చెప్తానే ఉండాను గదా, డబ్బా ముట్టుకోవద్దని!"

"అరవాకు తల్లీ. ఇంగొక డబ్బా పెట్టుకో."

"ఎల్లుండి కోర్టు! ఇంకొక డబ్బాకు నాలుగు రోజులు కావాల. దేవేంద్ర జైల్లో ఉండాడు, నీకు తెలుసు గదా!"

ఆ పేరు వినగానే పాపమ్మ చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. కెజియా అది చూసింది కానీ పట్టించుకునే స్థితిలో లేదు. అరుగు మీద కూలబడి, చచ్చిన పురుగులను తిడుతూ ఒక సీసాలోకి ఏరుకోవడం మొదలుపెట్టింది. పాపమ్మ తన పనిని తాను సమర్థించుకోకుండా ఉండలేక మళ్లీ అందుకుంది.

"గొడ్డుకైతే గొడ్డుకు, మనిషికైతే మనిషికి, ఈ ఆకుకు మించింది లేదు మేడమ్మా. పచ్చిగా ఉన్నన్నాళ్లు ఈగ దగ్గరికి రాదు. రెండు మూడు దినాలకు ఎండిపోతాది సూడు, అప్పుడు మల్లా మూగుతాయి. ఆయప్పకు కూడా..."

అక్కడితో ఆపేసింది. ఆపిన తీరే ఆమెను పట్టించింది. నోరు అదుపులో లేని మనిషి మాట మధ్యలో నోరు మూసుకుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది.

కెజియా చేతిలో సీసా కింద పెట్టింది.

"ఏ అప్పకు?"

"ఎవురికీ లేదు."

"మనిషికైతే మనిషికి అంటివి. ఏ మనిషికేసినావు అక్కా ఈ ఆకు?"

పాపమ్మ కొట్టం వైపు నడిచింది. ఆవుకు గడ్డి ఉన్నా మళ్లీ గడ్డి వేసింది.

కెజియా సంచీలోంచి పంచనామా జిరాక్సు తీసింది. దేవేంద్ర లాయరు ఇచ్చిన ఆ కాగితాన్ని ఇప్పటికి ఇరవై సార్లు చదివింది. పురుగుల పొడవు దగ్గర, వాతావరణం దగ్గర ఎర్ర గీతలు కూడా కొట్టుకుంది. ఇప్పుడు గీత కొట్టని వాక్యం కోసం వెతికింది. రెండో పేజీలో దొరికింది. 'ముఖంపై, తల వెనుక భాగంపై ఎండుటాకులు కలవు.' అడవిలో ఆకులు రాలక ఏం రాలుతాయి అనుకుని ఇరవై సార్లూ ఆ వాక్యాన్ని దాటేసింది. తను చదువుకున్న చదువు మీదే ఆమెకు అసహ్యం వేసింది. పెద్దగుండు కిందికి ఆమె మూడు సార్లు వెళ్లింది. అక్కడ అంతా బండే. నెత్తి మీద ఆకాశం తప్ప ఒక చెట్టు కొమ్మ కూడా లేదు.

"పాపమ్మక్కా," అంది, గొంతు తగ్గించి. "పెద్దగుండు కింద చెట్టు లేదు. కదిరప్ప మొగం మీదికి ఆకులు యాడనుంచి వచ్చినాయి?"

పాపమ్మ తిరగలేదు. ఆవు వీపు మీద చెయ్యి వేసుకుని, ఆవుతో చెప్పినట్టుగా చెప్పింది.

"శుక్రవారం పొద్దున చీపురు పుల్లలకు పొయినాను. రిజర్వు అడవి లోపలికి పోగూడదని తెలుసు. నా కొడుకే ఆడ వాచరు, నేనే పోతే ఎట్ల? అయినా పొయినాను. గుండు కింద కదిరప్ప పడుండాడు. పిలిస్తే పలకలా. ముట్టుకుంటే సల్లగా ఉండాడు. తేనెగంప పక్కనే పడుండాది, గుండు పైనుంచి జారి పడినట్టుండాడు. తల ఎనక రక్తం ఎండిపోయి, దాని మీద పచ్చీగలు..."

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మనిషి గదా మేడమ్మా. గొడ్డుకు పుండయితేనే సూసి ఊరుకోము. పెద్దాయప్ప, చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పినోడు, అట్ల ఈగలకు ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది? కిందికి పొయ్యి ఆకు దూసుకొచ్చి, రాయి మీద నూరి, గాయానికి పట్టించినాను. కండ్ల మీద, ముక్కు మీద, నోటి మీద ఆకు కప్పినాను. అప్పా, ఎవురో ఒకరు వచ్చి నిన్ను ఇంటికి తీసకపోతారు, అందాకా నీకు పురుగు పట్టగూడదు అని చెప్పి వచ్చేసినాను."

ఏడాదిగా కెజియాకు ఈగ అంటే ఒక లెక్క, ఒక పేరు, ఒక పొడవు. ఆ ఈగను ఒక మనిషి ముఖం మీద నుంచి తోలాలని ఒక ఆడమనిషి అడవిలో ఒంటరిగా కూర్చుని ఆకు నూరింది. ఆ ప్రేమే డాక్టరు లెక్కను తప్పించింది, తన లెక్కనూ తప్పించింది. పచ్చి ఆకు ఉన్నన్నాళ్లు ఈగ గుడ్డు పెట్టలేదు. శనివారం రాత్రికో ఆదివారానికో ఆకు ఎండింది, అప్పుడు పెట్టింది. బుధవారం దొరికిన పురుగులు మూడు నాలుగు రోజులవే. శవం మాత్రం ఆరు రోజులది.

"మరి ఎందుకు చెప్పలేదక్కా? శుక్రవారమే చెప్పుంటే దేవేంద్రను పట్టుకునే వాళ్లే కాదు గదా!"

"నా కొడుకు చెప్తాడనుకున్నాను. శనివారం వానికి ఆ దోవలోనే డ్యూటీ. గుండు కిందుగానే పోవాల. సూస్తాడు, పై సారుకు చెప్తాడు, నేను అడవిలోకి పొయిన మాట బయటికి రాకుండానే అంతా అయిపోతాది అనుకున్నాను. వాడు సూడలా. అంటే ఏమి? డ్యూటీకి పోకుండానే పొయినట్టు సంతకం పెట్టినాడు. నేనిప్పుడు నోరు తెరిస్తే వాని నౌకరి పోతాది. మా వంశంలో నెలజీతం తీసుకున్న మొదటోడు వాడే మేడమ్మా."

"రూప మొగం ఎట్ల సూస్తాండావు రోజూ?"

అడగకూడని ప్రశ్న అది. పాపమ్మ అరుగు మీద కూర్చుని తలకాయ చేతుల్లో పెట్టుకుంది. దేవేంద్ర జైలుకు పోయినప్పటి నుంచి రూప బిడ్డకు రోజూ పొద్దున శేరు పాలు ఉత్తినే పోస్తోంది పాపమ్మ. ఊరంతా ఆమె మంచితనం గురించి చెప్పుకుంటోంది. ఆ పాలు పోసేటప్పుడు ఆమె ఒక్కనాడు కూడా రూప కళ్లలోకి చూడలేదని ఊరికి తెలియదు.

"నీ కాయితంలో రాసుకో," అంది. "ఎవురో ఆకేసినారు అని రాసుకో. నా పేరు మాత్రం రాయొద్దు."

కెజియా సరే అనేసి ఉంటే ఈ వారానికి మన కథ ఇక్కడితో ఆగిపోయేది. సరే అనాలని ఆమెకూ అనిపించింది. కానీ పేరు లేని సాక్ష్యాన్ని కోర్టు పక్కన పడేస్తుందని ఆమెకు తెలుసు. అబద్ధం చెప్పి పాపమ్మను ఒప్పించడానికి మనసు రాలేదు.

"పేరు లేకపోతే ఎవురూ నమ్మరక్కా. నీ కొడుకు ఉద్యోగం ఉంటాదో పోతాదో నేను చెప్పలేను. పోదు అని అబద్ధం చెప్పి నిన్ను తోడుకపోలేను."

"ఆ దినం నేను పొయినానమ్మా."

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. ఖాకీ చొక్కా సగం గుండీలు పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు జయచంద్ర. డ్యూటీకి బయలుదేరుతూ వాళ్ల మాటలు విన్నట్టున్నాడు.

"యాడికి పొయినావు?" అంది పాపమ్మ.

"శనివారం పొద్దున గుండు కాడికి. కదిరప్ప తాతను సూసినాను. ఫోటో కూడా తీసినాను. డ్యూటీలో ఏం కనబడినా ఫోటో తీసి సారుకు పంపాల గదా. తీసినాంక సూసినాను, మొగం మీద ఆకు. ఆకు అంచులు లోపలికి మడిచి, సందులేకుండా పట్టేసుండాది. ఆవు పుండుకు అట్ల పట్టేసేది ఈ కొండ మీద నువ్వు తప్ప ఎవురుండారు?"

"నాయనా..."

"నువ్వే ఏదో చేసినావని పోలీసోళ్లు అంటారని భయపడినాను. ఫోటో పంపలేదు. దాని బదులు జంతువుల నీళ్లతొట్టి ఫోటో పంపి ఇంటికొచ్చేసినాను. ఆ పొద్దు నుంచి నిన్ను అడగాలంటే నాకు ధైర్యం సాలలేదు."

తల్లి కొడుకు ఉద్యోగం కాపాడాలని నోరు మూసుకుంది. కొడుకు తల్లిని కాపాడాలని నోరు మూసుకున్నాడు. ఒకే కుండలో సంగటి తిని, ఒకే చాప మీద పడుకుని, రెండు నెలలు ఒకరి నుంచి ఒకరు దాచుకున్నారు. ఆ ఇద్దరి ప్రేమకూ జరిమానా కట్టింది మాత్రం ఏ పాపం తెలియని దేవేంద్ర. ఇలాంటి వాళ్లను తిట్టాలో దండం పెట్టాలో నాకైతే తెలియడం లేదు.

"ఫోటో ఉందా జయచంద్రా?" అంది కెజియా.

అతను ఫోను తీసి ఇచ్చాడు. ఫోటో మీద కిందవైపు తేదీ, టైము పడి ఉన్నాయి. శనివారం పొద్దున తొమ్మిదీ నలభై. ఆ టైముకు దేవేంద్ర కుప్పంలో రాళ్లు పాలిషు పడుతున్నాడు. ఫోటోలో కదిరప్ప తల వెనక, ముఖం మీద ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి. కెజియా ఆ పచ్చదనాన్ని వేళ్లతో పెద్దది చేసి చేసి చూసింది. ఒక్క పురుగు లేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి.

"లాయరుకు పంపుదాం," అంది.

"లేదు మేడమ్. ముందు మా రేంజరు సారుకు పంపాల," అన్నాడు జయచంద్ర. "కోర్టులో ఎవురో చెప్పి తెలిసేదానికంటే నేనే చెప్పేది మేలు. ఉద్యోగం తీసేస్తే తీసేస్తాడు. కూలి పని నాకు కొత్త కాదు."

అన్నాడే కానీ వేలు కదలలేదు. ఫోను వైపు చూస్తూ నిలబడిపోయాడు. పాపమ్మ లేచి వచ్చింది. కొడుకు చొక్కాకు మిగిలిన రెండు గుండీలూ పెట్టింది.

"ఏది నొక్కాల?"

అతను చూపించాడు. పాపమ్మ చూపుడు వేలితో గట్టిగా నొక్కింది. కొండ మీద సిగ్నలు ఒక గీత వస్తుంది, పోతుంది. ముగ్గురూ ఆ గీతనే చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపటికో ఫోటో పోయింది. రెండు నిమిషాలు కూడా కాకముందే ఫోను మోగింది.

"జయచంద్రా, ఏందయ్యా ఇది?" స్పీకర్లో రేంజరు గొంతు వాకిలంతా వినబడింది. "ఇన్నాళ్లు యాడ పెట్టుకున్నావు? ఆ ఆకులు ఎవరేసినారు?"

జయచంద్ర నోరు తెరిచేలోపే పాపమ్మ అతని చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నేనేసినాను సారూ. వాళ్లమ్మను, పాపమ్మను. శుక్రవారమే ఆయప్పను సూసినాను. అడవిలోకి పొయింది నేను. వాడు నాకోసం దాచినాడు. ఏమనేది ఉంటే నన్ను అనండి."

రేంజరు గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఈ మాట ఎస్సైగారి ముందర చెప్తావా? తర్వాత మార్చవు గదా?"

"మార్చను. తొందరగా రాండి సారూ. రెండు నెలలు ఓర్చుకున్నాను, ఇంక నా వల్ల కాదు."

ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుని తలెత్తిన పాపమ్మ, కంచె వైపు చూసి కొయ్యబారిపోయింది. కెజియా కూడా తిరిగి చూసింది.

కంచె అవతల, చంకలో బిడ్డతో రూప నిలబడి ఉంది. పాల కోసం వచ్చే వేళే అది. ఎంతసేపటి నుంచి అక్కడుందో, ఎన్ని మాటలు విందో ఎవరికీ తెలియదు. ఆమె పెదవులు అదురుతున్నాయి. కోపంతోనో, సంతోషంతోనో కెజియాకు అంతుబట్టలేదు.

రూప కంచె తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తిన్నగా పాపమ్మ ఎదురుగా వచ్చి, రెండు నెలల్లో మొదటిసారి ఆమె కళ్లలోకి చూస్తూ నిలబడింది.

"ఇంగొకసారి చెప్పు పిన్నమ్మా," అంది. "ఆ ఫోనుకు కాదు. నాకు చెప్పు."